రిజిస్టరులో ‘మ’

ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎలుకలక్కను ఒక్క ఎలుకా కరవలేదు. ఈ మాట ఆమె గొప్ప కోసం ఎవరితోనూ అనదు. ఎవరినైనా ఎలుక కరిస్తే మాత్రం, వాళ్ళ వేలికి మందు పూసి గుడ్డ కడుతూ, తప్పకుండా అంటుంది.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉంది. దాన్ని చూసే అవసరం ఎవరికీ రాలేదు. మెదడు మీద పరిశోధనలు చేసే ఆ సంస్థలో డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె ఎలుకలక్కే. భవనం వెనక, జెనరేటరు గది పక్కన ఉన్న జంతుశాల ఆమె రాజ్యం. రెండు గదులు, ఎనిమిది ఇనుప రాకులు, రాకుల మీద వరసగా ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెల్లో రంపపు పొట్టు మీద తెల్లని ఎలుకలు. గోడకు ఒక గడియారం, దాని కింద మేకుకు దారంతో వేలాడే పెన్సిలు, పెన్సిలు కింద బల్ల మీద రిజిస్టరు. ఆ పెన్సిలును ఎవరైనా పొరపాటున జేబులో వేసుకుపోయారా, ఆరోజు వాళ్ళ పని అయిపోయినట్టే.

రోజూ ఉదయం ఏడింటికే వస్తుంది. మిగతావాళ్ళు తొమ్మిదిన్నరకు నిద్రమొహాలతో దిగుతారు. నీళ్ళ సీసాలు నింపడం, మేత వేయడం, పొట్టు మార్చడం వాళ్ళందరూ చూసే పని. ఎవరూ చూడని పని ఒకటుంది. కొత్త ఎలుకలు వచ్చిన మర్నాటి నుంచి వారం పాటు ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో దోసిలిపట్టి పైకి తీస్తుంది. తోక పట్టుకుని లేపడం ఆమె దృష్టిలో మనుషులు చేసే పని కాదు. ఎడమ మోచేతి మడతలో పెట్టుకుంటే ఎలుక ముక్కు దూర్చి అక్కడే దాక్కుంటుంది. వీపు మీద వేలితో నిమురుతూ, “ఏం బుజ్జీ, రాత్రంతా చక్రం తిప్పావా? ఊరు చేరావా మరి?” అంటూ కబుర్లు చెబుతుంది. పెద్దముల్లు ఐదు గీతలు దాటగానే దాన్ని దించి ఇంకోదాన్ని తీస్తుంది. ఇరవై నాలుగు ఎలుకలు, తలా ఐదు నిమిషాలు, మొత్తం రెండు గంటలు. మిగతావాళ్ళు వచ్చేలోపే అయిపోతుంది, అందుకే అది ఎవరి కంటా పడలేదు. వారం తిరిగేసరికి మూత తీస్తే చాలు, ఎలుకలు మూలకు పోకుండా ముందుకొస్తాయి.

వాటి ఆఖరి రోజు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మెదడులో ఏముందో కొలవాలంటే మెదడు బయటికి రావాలి. దాని గురించి ఆమె ఎవరితోనూ వాదించలేదు. పోయేది ఎలాగూ పోతుంది, బెదిరిపోతూ మాత్రం పోకూడదన్నది ఆమె పట్టుదల.

ఇంట్లో మాత్రం ఆ చేతి మహిమ అంతగా సాగలేదు. ఆమె మొగుడు టైలరు. ఇంటి ముందుగదిలోనే మిషను. కిందటేడు నుంచి అతనికి కారణం లేని కంగారు పట్టుకుంది. గుడ్డ మీద కత్తెర పెట్టబోతే గుండె దడ, దారం రీలు కొనడానికి వీధి చివరికి పోవాలంటే చెమటలు. డాక్టరు కంగారు తగ్గే బిళ్ళలు రాసిచ్చాడు. ఎలుకలక్క ఆ చీటీ చూసి, “ధైర్యం బిళ్ళల్లో దొరికితే సైనికులకు తుపాకులెందుకు, తలా ఒక బిళ్ళ పంచితే పోలా? దడ వస్తే నా చెయ్యి పట్టుకో” అంది. అతను నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత బిళ్ళల అట్టను బొత్తాల డబ్బాలో, కోటు బొత్తాల కింద దాచడం మొదలుపెట్టాడు. ఆమె అది నాలుగో రోజే కనిపెట్టింది. కనిపెట్టనట్టు ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక సోమవారం ఉదయం పెద్దసారు జంతుశాల గుమ్మం దగ్గరికి వచ్చాడు.

పెద్దసారంటే ఆ విభాగానికి ప్రొఫెసరు. రెండేళ్ళలో రిటైరవుతాడు. తెలివిగలవాడు, చెడ్డవాడు కాదు, కానీ తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఇరవై రెండేళ్ళుగా ఎలుకలక్కను “ఏమ్మా, నువ్వు” అనే పిలిచాడు. ఆ సోమవారం గుమ్మంలో నిలబడి, “మీరు ఒకసారి నా గదికి రండి” అన్నాడు.

ఆ ‘మీరు’ వినగానే ఆమె చేతిలోని నీళ్ళ సీసా బల్ల మీద పెట్టేసింది. మన్నించి అనే ‘మీరు’ వేరు, దూరం పెట్టి అనే ‘మీరు’ వేరు. ఇన్నేళ్ళు మనుషుల మధ్య బతికినదానికి ఆ మాత్రం తేడా తెలియదా?

గదిలో కుర్చీ అంచున కంగారమ్మ కూర్చుని ఉంది. ఏడ్చినట్టు ముక్కు ఎర్రగా ఉంది. కంగారమ్మ పెద్దసారు దగ్గర పరిశోధన చేసే పిల్ల. తెలివికి లోటు లేదు, చేతులే నిలకడగా ఉండవు. ఆ పేరు పెట్టింది ఎలుకలక్కే. బల్ల మీద కిందటేటి రిజిస్టరు తెరిచి ఉంది. దాని అట్ట మీద పొట్టు దుమ్ము ఇంకా అలాగే ఉంది.

ఇక్కడ ఆ పిల్ల పరిశోధన ఏమిటో చెప్పాలి. మన మెదడు తనకు కావలసిన కొన్ని స్టెరాయిడ్ హార్మోన్లను తనే తయారుచేసుకుంటుంది, కొలెస్ట్రాల్‌తో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా. వాటిలో ఒకదాని పేరు అల్లోప్రెగ్నెనలోన్. నరాల అలజడిని అణిచి నిదానపరచడం దాని పని. ఆ పేరు పలికేలోపు రైలు వెళ్ళిపోతుందని ఎలుకలక్క ఎగతాళి చేస్తే, కంగారమ్మ దానికి ‘జోకొట్టే హార్మోను’ అని ముద్దుపేరు పెట్టింది. కంగారు తగ్గించే మందులు నరకణాల మీద నేరుగా పనిచేస్తాయని తెలిసిందే. వాటిలో కొన్ని ఇంకో పని కూడా చేస్తాయి. కణం లోపల కొలెస్ట్రాల్ వెళ్ళే తలుపు తెరిచి, ఆ హార్మోనును మెదడు చేతే ఎక్కువగా చేయిస్తాయి. తమ దగ్గరున్న మందు ఈ రెండో పని చేస్తుందా, చేయదా? కంగారమ్మ రెండేళ్ళుగా తవ్వుతున్న కొండ ఇదే.

కిందటేడు మొదటి విడత జరిగింది. పన్నెండు ఎలుకలకు ఉప్పునీళ్ళ ఇంజక్షను, పన్నెండింటికి మందు. పెట్టెల మీద ‘నీ-1, నీ-2’ అనీ, ‘మ-1, మ-2’ అనీ చీటీలు. నీళ్ళ ఎలుకలకన్నా మందు ఎలుకల మెదళ్ళలో ఆ హార్మోను రెండింతలకు పైగా తేలింది. అందరూ టీ తాగి చప్పట్లు కొట్టారు. అదే పని రెండోసారి చేసి చూపాలి కదా అని నాలుగు నెలల కిందట మళ్ళీ చేశారు. అప్పుడు ఎలుకలక్క సీసాలు కడిగే గదిలో జారిపడి, మణికట్టు విరిగి, ఆరు వారాలు ఇంట్లో ఉంది. పని మొత్తం కంగారమ్మే చేసింది. ఈసారి తేడా లేదు. మందు ఎలుకల్లో ఎంత ఉందో నీళ్ళ ఎలుకల్లోనూ అంతే ఉంది. రెండు విడతలకూ పొంతన లేకపోతే, ఆ పిల్ల పరిశోధనను తేల్చాల్సిన పరీక్షకులు ఊరుకుంటారా? ఐదు వారాల్లో వస్తాం, అసలు రిజిస్టర్లు చూపించండి అన్నారు.

పెద్దసారు ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

“ఇది మొదటి విడత. ఇంజక్షనుకు ముందు వారం. నీ-4 పెట్టె ఎదురుగా ఏముందో చదవండి.”

“మ.”

“నీ-5?”

“అక్కడా మ.”

“పన్నెండు నీళ్ళ పెట్టెలకూ ఏడు రోజులూ మ. మందు పెట్టెలకూ మ. ఈ రాత మీదేనా?”

“నాదే సార్.”

“అంటే ఇంజక్షను రోజు రాకముందే, వారం పాటు, నీళ్ళ ఎలుకలతో సహా అన్నిటికీ మందు ఎక్కించారన్నమాట.” ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎందుకు చేశారో నాకు తెలీదు. పొరపాటే అనుకుంటాను. కానీ ఆ విడత ఇక పనికిరాదు. రెండో విడతే లెక్క. దాని ప్రకారం మందు ఏ పనీ చేయలేదు. ఈ పిల్ల రెండేళ్ళ శ్రమ గంగపాలు. మీరు ఒకటో తారీఖు నుంచి సీసాలు కడిగే గదికి వెళ్ళండి. ఎలుకల్ని ఇంకొకరు చూసుకుంటారు.”

ఎలుకలక్కకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

“మ అంటే మందా సార్? నా ఎలుకలకి నేను వారం పాటు మందు పోశానా? పక్కన నంజుకోడానికి ఏం పెట్టానో అది కూడా రాశానేమో చూడండి!”

“ఇది నవ్వే విషయం కాదు.”

“కాదు. ఇది ఏడ్చే విషయం.” నవ్వు పోయి కోపం వచ్చింది ఆమెకు. “మే అంటే మేత. పొ అంటే పొట్టు మార్చడం. నీ అంటే నీళ్ళ సీసా. మ అంటే మచ్చిక. ఇరవై రెండేళ్ళుగా ఇదే రాస్తున్నాను. మీ మందు సంగతి నాకెందుకు? ఆ బీరువా తాళంచెవి మీ జేబులోనే కదా ఉంటుంది?”

పెద్దసారు చెయ్యి తనకు తెలియకుండానే జేబు తడుముకుంది. తాళంచెవి అక్కడే ఉంది.

“మచ్చికా?” అన్నాడు. “అలాంటిదేమీ మా పద్ధతిలో లేదే. వారం రోజులు కొత్త చోటుకు అలవాటు పడనివ్వాలి అని మాత్రమే ఉంది.”

“అలవాటు చేయడమంటే మరేంటి సార్?”

ఎలుకలక్క కంగారమ్మ వైపు తిరిగింది.

“రెండో విడతలో నువ్వెలా అలవాటు చేశావు?”

“పెట్టెలు రాకు మీద పెట్టి... వారం రోజులు కదపలేదక్కా. వాటి మానాన వాటిని వదిలేశాను.”

“ముట్టుకోలేదా?”

“లేదు. ఇంజక్షను రోజే.”

“ఆరోజు ఎలా పట్టుకున్నావు?”

కంగారమ్మ తల దించుకుంది. “తోలు గ్లవ్సు వేసుకుని. తోక పట్టుకుని.”

“ఎన్ని కరిచాయి?”

“మూడు.” ఎడమ బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది. “సార్‌కి చెప్పలేదు. పట్టుకోవడం కూడా రాదా అంటారని.”

పెద్దసారు ఏదో అనబోయాడు. ఎలుకలక్క చెయ్యెత్తి ఆపింది. ఆ గదిలో ఆయన్ని అలా ఆపినవాళ్ళు ఇంతకుముందు లేరు.

“ఒక్క మాట చెప్పమ్మా. నీ జోకొట్టే హార్మోను మందిస్తేనే పెరుగుతుందా, ఇంకా దేనికైనా పెరుగుతుందా?”

“భయపడ్డా పెరుగుతుంది. ఉన్నట్టుండి బెదిరితే, మెదడు తనను తాను జోకొట్టుకోడానికి కాసేపట్లోనే...” అంటూ ఆ పిల్ల ఆగిపోయింది. చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

“అదీ సంగతి,” అంది ఎలుకలక్క. “నువ్వు వాటికి నీళ్ళివ్వలేదు తల్లీ. భయం ఇచ్చావు.”

పెద్దసారు రిజిస్టరు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకుంటే ఆయన పెద్దసారెలా అవుతాడు?

“కథ బాగుంది. కానీ మీరు మీ గురించి చెప్పుకునే మాట పరీక్షకుల ముందు పనిచేయదు. రుజువు కావాలి.”

“చేద్దాం సార్. వాళ్ళు రావడానికి ఐదు వారాలుందన్నారుగా. ముప్పై రెండు ఎలుకలు తెప్పించండి. చీట్లు తీసి సగం నాకు చూపించండి, వాటిని మచ్చిక చేస్తాను. మిగతా సగం వేలితో కూడా ముట్టను. రెండు సగాల్లోనూ మళ్ళీ సగం నీళ్ళు, సగం మందు. ఏ సిరంజిలో ఏముందో నాకూ తెలియొద్దు, పిల్లకూ తెలియొద్దు. కవరు మీ బీరువాలో పెట్టుకోండి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం దేనికి? చూసి తేల్చుకుందాం.”

“మీ మాట తప్పయితే?”

“సీసాలు కడుగుతాను. తప్పు కాదు సార్.”

ఆ చివరి రెండు మాటలు ఆమె ఎంత మామూలుగా అందంటే, కంగారమ్మ ఏడుపు మానేసి ఆమె వైపు చూసింది.

మర్నాడే పని మొదలైంది. ఎలుకలక్క ముందు కంగారమ్మను పట్టుకుంది. “వాటి సంగతి తర్వాత. ముందు నిన్ను మచ్చిక చేయాలి” అని, ప్రయోగాల్లో లేని ఒక ముసలి ఎలుకను తెచ్చింది. దాని పేరు తాతయ్య. కంగారమ్మ చేతి కింద తన చెయ్యి పెట్టి, ఇద్దరి చేతులూ కలిపి పెట్టెలో దించింది.

“అక్కా, నా భయం దానికి తెలిసిపోతుందేమో.”

“తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ. భయపడటం తప్పు కాదు, భయంతో గట్టిగా పిసకడం తప్పు. వదులుగా పట్టుకో. అదేం పారిపోదు, ముసలాడు, ఎక్కడికని పోతాడు?”

నాలుగో రోజుకు తాతయ్య కంగారమ్మ మోచేతిలో ముక్కు దూర్చాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి నిలబడింది. తర్వాత నెమ్మదిగా ఊపిరి వదిలి, పరీక్ష పాసైన దానిలా నవ్వింది.

పెద్దసారు కూడా ఏడింటికే రావడం మొదలుపెట్టాడు. కాపలా కాయడానికి వచ్చానన్నాడు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, చేతిలో కాగితం పట్టుకుని, ఎలుకలక్క ఏ పెట్టె తీస్తోందో గుర్తు పెట్టుకునేవాడు. ఇరవై రెండేళ్ళలో ఏడింటి జంతుశాల ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. పదహారు ఎలుకలు, తలా ఐదు నిమిషాలు. ఆమె ఎక్కడా తొందరపడలేదు, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ చేయలేదు. మూడో రోజుకు కుర్చీ కాస్త ముందుకు జరిగింది. ఐదో రోజు, “ఈ కబుర్లు తప్పనిసరా?” అని అడిగాడు. “వాటికి కాదు సార్, నాకు. నోరు మూసుకుంటే నా చెయ్యి బిగుసుకుంటుంది” అంది. ఆయన దాన్ని కూడా కాగితం మీద రాసుకున్నాడు.

ఎలుకలక్కకు కష్టమైంది ముట్టుకోవడం కాదు, ముట్టుకోకపోవడం. రెండో రాకు మీద పదహారు పెట్టెలు. మేత వేయడానికి మూత తీస్తే ఆ ఎలుకలు మూలకు పోయి ముడుచుకుని కూర్చునేవి. ఆమె చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళేవి. వెనక్కి లాక్కునేది. తన మాట నిలబడాలంటే ఆ పదహారూ బెదురుతూనే ఉండాలి. ఈ పందెం కాసింది తనే. ఆ వారంలో ఆమెకు తన మీద తనకే కోపం వచ్చిన క్షణాలున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఆప్రానుకు ఊడిన బొందు కుట్టమని మొగుడికిచ్చి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. సంగతంతా అతనికి తెలుసు.

“తేలకపోతే?” అన్నాడు సూదిలో దారం ఎక్కిస్తూ.

“తేలుతుంది. నా చెయ్యి సంగతి నాకు తెలియదా? భయం పోగొట్టడానికి బిళ్ళే అక్కర్లేదని కూడా తేలుతుంది, చూస్తుండు.”

అతను సూది ఆపాడు. ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి.

“నీ చెయ్యి పట్టుకుంటే దడ తగ్గుతుంది. కాదనను. కానీ నువ్వు పొద్దున్నే వెళ్ళిపోతావుగా. సాయంత్రం దాకా నా దగ్గరుండేది అదే.”

అంతే అన్నాడు. మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు. ఎలుకలక్క ముక్కాలిపీట మీంచి లేచి వెళ్ళి టీ పెట్టింది.

ఇంజక్షను రోజు కంగారమ్మ తోలు గ్లవ్సు జోలికి పోలేదు. పల్చటి గ్లవ్సు వేసుకుని, ముప్పై రెండింటినీ దోసిలిపట్టి తీసింది. మచ్చికైన పదహారు చేతిలోకి వచ్చి కూర్చున్నాయి. మచ్చిక లేని పదహారూ ఎంత మెత్తగా తీసినా గిలగిలలాడాయి. ఒకటి కరవబోయింది కూడా, కంగారమ్మ వేలు తప్పించింది. ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. ఎలుకలక్క ఆఖరిదాకా ఆ గదిలోనే ఉంది. అయ్యాక రిజిస్టరు మూసి, పెన్సిలు మేకుకు తగిలించి, ఆరోజు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

మెదళ్ళలో హార్మోను కొలవడానికి రెండు వారాలు పట్టింది. ఫలితాల రోజు కొలిచే యంత్రం ఉన్న గదిలో ముగ్గురూ నిలబడ్డారు. పెద్దసారు బీరువాలోంచి కవరు తెచ్చి, అంటించిన చోటు చెదరలేదని ముందు ఇద్దరికీ చూపించి, చింపాడు. ఏ ఎలుక ఏ గుంపుదో కంగారమ్మకు చదువుతుంటే ఆమె కంప్యూటర్లో ఎక్కించింది. కాసేపటికి తెర మీద నాలుగు నిలువు పట్టీలు లేచాయి.

ఎలుకలక్కకు అంకెలు అక్కర్లేదు. పట్టీల ఎత్తు చూస్తే చాలు.

“మొదటిది?”

“మచ్చిక, నీళ్ళు.” కంగారమ్మ వేలితో చూపించింది. ఆ పట్టీ అన్నిటికన్నా పొట్టిగా ఉంది.

“రెండోది?”

“మచ్చిక లేదు, నీళ్ళు.” అది మొదటిదానికి రెండింతలకు పైనే ఉంది.

“మూడోది?”

“మచ్చిక లేదు, మందు. నాలుగోది మచ్చిక, మందు.” ఆ రెండూ రెండోదాని పక్కన ఇంచుమించు అంతే ఎత్తున నిలబడ్డాయి.

నీళ్ళ ఎలుకలు బెదిరితే మందు ఎలుకలతో సమానమైపోతున్నాయి, అందుకే రెండో విడతలో మందు పని కనబడలేదు. బెదరకపోతే తేడా పట్టపగల్లా కనబడుతోంది. మొదటి విడత నిజం. కంగారమ్మ రెండేళ్ళ శ్రమ నిజం. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి ఎలుకలక్క మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది.

పెద్దసారు చింపిన కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఇటు తిరిగాడు.

“నువ్వు చెప్పిందే నిజమమ్మా. తప్పు నాది. రాసిన మనిషి నాలుగడుగుల దూరంలో ఉండగా, అడక్కుండా నా ఇష్టం వచ్చినట్టు చదివాను. ఇన్నేళ్ళ నీ పనిని ఒక్క అక్షరంతో కొట్టేయబోయాను.”

ఆమెకు ఆ క్షమాపణ కన్నా ముందు ‘నువ్వు’ వినబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఆ ‘మీరు’ తీసేశారు, అంతే చాలు సార్. అది వినలేక చచ్చాను.”

పెద్దసారు అక్కడికక్కడే కంగారమ్మ పరిశోధన వ్యాసంలో పద్ధతులు రాసే పేజీ తెప్పించి, ‘కొత్త చోటుకు అలవాటు పడనిచ్చాం’ అన్న వాక్యం కొట్టేశాడు. దాని స్థానంలో, ప్రతి ఎలుకనూ వారం పాటు, రోజుకు ఐదు నిమిషాలు, ఒకే మనిషి చేతుల్లోకి తీసుకుని మచ్చిక చేసిందని రాశాడు. మచ్చిక అన్న మాట రాసేటప్పుడు ఒక్కసారి ఆగాడు. దానికి పెద్ద మాటేదైనా ఉందేమోనని వెతికినట్టున్నాడు. లేదనుకుని అదే ఉంచాడు.

ఎలుకలక్క మాత్రం ఇంకా తెర దగ్గరే ఉంది.

“ఈ నాలుగోది... మచ్చికైనవాటికి భయమే లేదు కదే పిల్లా. అయినా మందిస్తే ఇంత పెరిగిందా?”

“పెరిగిందక్కా. నీ చెయ్యి భయాన్ని రానివ్వలేదు. మందు తన పని తను చేసింది. దేనిది దానిదే. ఒకటుందని రెండోది అక్కర్లేదనలేం.”

“మనుషుల్లో కూడా ఇంతేనా?”

“అక్కడిదాకా ఇంకా చాలా దూరముంది. మనం చూసింది ఎలుకల్లోనే.”

“సరేలే,” అంది ఎలుకలక్క. గెలిచిన రోజున కూడా ఒక చిన్న ఓటమి ఉంటుందని ఆమె అనుకోలేదు. అయితే ఆ ఓటమి ఆమెకు బాధనిపించలేదు. సిగ్గనిపించింది.

మర్నాడు ఉదయం ఆరున్నరకు మొగుడు మిషను ముందు కూర్చుని నూనె వేస్తున్నాడు. టిఫిను అయిపోయింది. ఎలుకలక్క సంచి భుజానికి తగిలించుకుని, తిన్నగా వెళ్ళి బొత్తాల డబ్బా మూత తీసింది. కోటు బొత్తాలు పక్కకు నెట్టి, బిళ్ళల అట్ట పైకి తీసి, అతని ఎదురుగా పెట్టింది. పక్కన నీళ్ళ గ్లాసు పెట్టింది.

అతను దొంగతనం బయటపడ్డ మొహం పెట్టాడు. “నీకు తెలుసా?”

“నాలుగో రోజు నుంచే. పెద్ద దాచావులే. డాక్టరు టిఫిను తర్వాత వేసుకోమన్నాడుగా? వేసుకో. ఆయన ఇక చాలనేదాకా ఇక్కడ, అందరికీ కనబడేలా ఉంటుంది ఇది. నేను ఆరోజు అన్న మాట తప్పు. ఇంకెప్పుడూ అనను.”

అతను బిళ్ళ వేసుకున్నాడు. ఆమె వెళ్ళలేదు. ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చుని, నూనె మరకల అతని చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. గోడ గడియారం వైపు చూసింది.

“ఆలస్యమవుతుందేమో నీకు,” అన్నాడు అతను.

“ఐదు నిమిషాలేగా. ఎలుకలు ఆగుతాయి.”

పెద్దముల్లు ఐదు గీతలు దాటింది. ఆమె లేచి, గుడ్డ మీద గీతలు గీసే అతని రంగు పెన్సిలు తీసుకుని, గోడకున్న క్యాలెండర్లో ఆ రోజు గడిలో ఒక్క అక్షరం రాసింది. అతను మెడ సాచి చూశాడు.

“మ అని రాశావేంటి? మందా, మచ్చికా?”

“రెండూ,” అంది ఎలుకలక్క, చెప్పులు వేసుకుంటూ.